గొంతు రాచపుండు: మందును కిరణమును



కేన్సరు అను మాట మన పల్లెలకు వచ్చి యెంతో కాలము కాలేదు గాని, ఆ వ్యాధి మాత్రము క్రొత్తది కాదు. మన పూర్వులు దానిని రాచపుండనిరి. సుశ్రుతుడు అర్బుదమను పేర నిట్టి గడ్డలను వర్ణించెను. యవనవైద్యులు దానికి ఎండ్రకాయ పేరు పెట్టిరి. ఆ పేరే లాటిను భాషలో కేన్సరై మనదాక వచ్చినది. మన రాశిచక్రమునందలి కర్కాటకమును ఆ ఎండ్రకాయయే. పేర్లెన్ని యున్నను అది కలిగించు భయ మొక్కటే. ఆ భయమునుండి పుట్టిన ప్రశ్న యొకటి మన రచ్చబండలయొద్ద తఱచుగా వినవచ్చును: "ముదిరినదానికి మందేమి?" నేటి ప్రసంగమున నేను విచారింపదలచినది ఆ ప్రశ్ననే. నోటిలోను, గొంతులోను, స్వరపేటికలోను పుట్టి మెడ బిళ్ళల వఱకు ప్రాకిన రాచపుండునకు మందున్నదా? ఉన్నచో ఎంతమాత్రము పనిచేయును? అందులకు రోగి చెల్లింపవలసిన వెల యెంత? వెల యనగా రూకలు మాత్రమే యని తలపవలదు.

మొదట ఆ "ముదురుట" యను మాటను సరిచూతము. వైద్యు లీ మాటకు రెండర్థములు చెప్పుదురు. మనము రెంటిని కలిపివేయుచున్నాము. పుండు పుట్టినచోటనే పెద్దదై, ప్రక్కనున్న కండను ఎముకను పట్టి, మెడలో బిళ్ళలు కట్టించుట యొకటి. అక్కడనుండి నెత్తుటి వెంబడి పోయి ఊపిరితిత్తులలోనో ఎముకలలోనో కాపురము పెట్టుట రెండవది. రెండవ స్థితియందు వైద్యుని యత్నము సాధారణముగా బాధను తగ్గించుటకును, ఆయువును కొంత పొడిగించుటకును మాత్రమే. మొదటి స్థితియందట్లు కాదు. అక్కడ వైద్యుడు రోగమును సమూలముగా తొలగింపవలెననియే పూనుకొనును. తల మెడ ప్రాంతపు కేన్సర్లు చాలకాలము మెడ దాటకయే యుండుట వాని స్వభావము. అందువలననే ఈ ఆశకు తావున్నది. మన దేశమున ఈ రోగులలో హెచ్చుమంది ఆసుపత్రి గడప త్రొక్కునప్పటికి ఈ మొదటి విధముగా ముదిరియే యుందురు. వారిని రెండవ కోవలో చేర్చి ఇంటికి తోడ్కొనిపోవుట మన యజ్ఞానము చేయు పెద్ద హాని.

ఈ వ్యాధికిని మన తీరమునకును గల సంబంధము వైద్యలోకమున మిక్కిలి ప్రసిద్ధము. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో చుట్టను అడ్డపొగగా, అనగా నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు అలవాటు స్త్రీలలో నెక్కువ. అంగిటిమీద కేన్సరు లోకమున నితరత్ర అరుదు. మన యుత్తర తీరమున మాత్రము తఱచు. దీనికి కారణము ఈ అడ్డపొగయే యని 1957లో విశాఖ వైద్యులు ప్రకటించిరి. పిమ్మట శ్రీకాకుళపు పల్లెలలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి వ్రాసిన పరిశోధన 1971లో ఇంగ్లండునందలి వైద్యపత్రికలో వెలువడెను. మన కృష్ణా మండలమున అడ్డపొగ తక్కువే గాని, సూటిపొగ చుట్టకు కొదువ లేదు. చుట్ట తగ్గినచోట ఖైనీయు, గుట్కాయు దాని స్థానము నాక్రమించినవి. పొగాకు లేని వక్క యొక్కటియే కేన్సరు కలిగింపగలదని 2004లో అంతర్జాతీయ సంస్థ తేల్చి చెప్పినది. తాంబూలము పెద్దల మర్యాదయని యెఱిగినవాడనే గాని, ఈ మాట దాచుట న్యాయము కాదు. పొగాకు సంగతి ఇంతటితో చాలును. అది వేఱొక ప్రసంగమునకు దగిన విషయము.

ఇక ఆయుధములను గూర్చి. శస్త్రము మొదటిది; అది పురాతనము. రెండవది కిరణము. 1895లో రంట్‌జెన్ ఎక్స్‌కిరణమును కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. స్వల్పకాలముననే ఈ రెండును గడ్డలపై ప్రయోగింపబడినవి. మన దక్షిణదేశమున మదరాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డు సంస్థ వెలసెను. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో అడయారు కేన్సరు సంస్థయు, మరుసటి సంవత్సరము హైదరాబాదున మెహదీ నవాజ్ జంగు పేర రేడియము ఆసుపత్రియు ప్రారంభమైనవి. మన పల్లెలలో ఈ చికిత్సకు "కరెంటు పెట్టుట" యని వాడుక. అందు విద్యుత్తు దేహమునకు తగులదు, కాలదు, నొప్పియు లేదు. అయినను పేరు నిలిచిపోయినది గనుక నేనును అప్పుడప్పు డామాటనే వాడెదను.

మూడవది మందు. దీని చరిత్రలో మన తెలుగువాని పేరు లేకుండ మొదటి పుట వ్రాయ వీలుకాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి అమెరికాకు పోయి, లెడర్లే సంస్థయందు పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనిని అడ్డగించు మందులను ఆయన బృందము తయారుచేసెను. వానిలో ఒకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కేన్సరు గల పసిపిల్లల కిచ్చి, వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు అను మందు తరువాతి కాలమున తల మెడ కేన్సర్లకును చిరకాలము వాడుకలో నుండెను. నేటికిని కొందఱి కిత్తురు. ఆ మహనీయుని పేరు మన పాఠ్యపుస్తకములలో మూడు పంక్తులకు మించి కనబడకపోవుట నాకు నచ్చని విషయము.

నేడు ఈ వ్యాధియందు ప్రధానముగా వాడు మందు సిస్‌ప్లాటిన్. ఇది ప్లాటినమను లోహమునుండి యైనది. 1965లో అమెరికాయందలి మిచిగను స్టేట్ విశ్వవిద్యాలయమున రోజెన్‌బర్గు అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులపై విద్యుత్ప్రభావమును పరీక్షించుచు, అవి రెండుగా చీలుట మానివేయుటను గమనించెను. విచారింపగా, ఆ మహిమ విద్యుత్తుది కాదనియు, ప్లాటినపు కడ్డీలనుండి కరగివచ్చిన పదార్థముదనియు తేలినది. చీలి పెరుగుటయే కేన్సరు కణము పని గనుక, చీలికను ఆపు ద్రవ్యము మందగునని వైద్యులు గ్రహించిరి. 1978లో దానికి అమెరికాలో అనుమతి లభించెను.

ఈ రెంటిని ఏల కలుపవలెను? కణము నడిబొడ్డున దాని విత్తనపు తంతు వొకటి యుండును. దానిని డి.ఎన్.ఏ. యందురు. కిరణము ఆ తంతువును త్రెంచును. త్రెగినదానిని ముడివేసికొను శక్తి ప్రతి కణమునకు కొంత గలదు. ఆరోగ్యవంతమైన కణమునకు హెచ్చు, కేన్సరు కణమునకు తక్కువ. ఈ భేదమును ఆధారము చేసికొనియే కిరణమును ఒక్కమారుగా గాక, దినమున కింతయని చిన్న మోతాదులుగా నిత్తురు. మంచి కణము రాత్రికి రాత్రి కోలుకొనును. చెడ్డ కణమునకు గాయముపై గాయము పేరుకొనును. ఇక సిస్‌ప్లాటిన్ చేయు పని యేమనగా, ఆ తంతువు పోగులను ఒకదానితో నొకటి బంధించి, త్రెగినచోట మరమ్మతు జరుగకుండ నడ్డుపడును. అనగా కిరణము తాకిడికి కేన్సరు కణము మునుపటికన్న సులభముగా లొంగును.

వ్యాకరణము చదువుకొన్నవాడను గనుక నాకొక పోలిక తోచుచున్నది. ద్వంద్వసమాసమున రెండు పదములకును సమప్రాధాన్యము. తత్పురుషమున ఉత్తరపదమునకే ప్రాధాన్యము. పూర్వపదము దానిని విశేషించుటకే యుండును. ఈ జంటచికిత్స వినుటకు ద్వంద్వమువలె నున్నను నిజమునకు తత్పురుషమే. కిరణమే ప్రధానము, మందు దానికి బలము చేకూర్చునది. కాబట్టియే, "మందు సూదులు మూడును వేయించితిమి, కరెంటు సగముతో ఆపితిమి" అను రోగి సమాసమునందలి ముఖ్యపదమును కొట్టివేసినవాడగును.

అయితే మందు ఎప్పు డియ్యవలెను? కిరణమునకు ముందా, తోడనా, తరువాతనా? ఈ వివాదము చాల యేండ్లు నడచినది. ముందుగా మందిచ్చిన గడ్డ చిన్నదై పోవునని ఆశ. అది కంటికి కనబడు లాభము గనుక రోగికిని వైద్యునికిని ఉత్సాహము కలుగును. కాని కంటికి కనబడునది వేఱు, ఆయువు పొడిగించునది వేఱు. 93 పరిశోధనలను, 17,346 మంది రోగుల వృత్తాంతములను ఒక్కచోట చేర్చి లెక్కగట్టిన ఫలితములను 2009లో ఐరోపా పండితులు ప్రకటించిరి. అందు తేలినదేమనగా, కిరణముతో ఏకకాలమున మందిచ్చినప్పుడే నిశ్చయమైన లాభము. అట్లు గైకొన్నవారిలో ఐదేండ్లకు జీవించియున్నవారు నూటికి 27 నుండి సుమారు 34కు పెరిగిరి. సరిగా చెప్పవలెనన్న ఆరున్నర మంది హెచ్చు.

ఆరున్నరయేనా యని మీరు పెదవి విరువవచ్చును. నేనును మొదట ఆ సంఖ్యను చూచి తృప్తి చెందలేదు. కాని ఆ లెక్కను గ్రామపు కొలతతో చూడుడు. ఇట్టి రోగులు నూర్గు రుండగా, కరెంటు మాత్రమే పెట్టినచో ఐదేండ్లకు ఇరువదియేడుగురు తమ యిండ్లలో నుందురు. మందును కూడ కలిపినచో మఱి యారేడుగురు వారితో కూర్చుందురు. ఆ యారేడుగురు ఎవరైనదియు ముందుగా నెవ్వరికిని తెలియదు. మిగిలినవారికి ఈ మందు కష్టమే మిగిల్చినదని చెప్పుటయు నిజమే. రెండు మాటలును చెప్పని వైద్యుడు సగము చెప్పినట్లు. ఇంకొక సంగతి మనబోటి వృద్ధులకు ముఖ్యమైనది: ఆ లెక్కలలోనే, వయస్సు పెరిగినకొలది మందువలని లాభము తఱుగుచు వచ్చినది, డెబ్బది దాటినవారియందు లాభము స్పష్టముగా కనబడలేదు. కాబట్టి డెబ్బదియైదేండ్ల తాతగారికి వైద్యుడు కరెంటు మాత్రమే చాలునన్నచో, ముసలివాడని యుపేక్షించెనని తగవు పెట్టుకొనరాదు. ఆయన లెక్క తెలిసియే చెప్పియుండును.

స్వరపేటిక విషయమున ఈ చికిత్స చేసిన యుపకారము వేఱొక విధమైనది. పూర్వము అక్కడ కేన్సరు ముదిరినచో స్వరపేటికను సమూలముగా కోసివేసి, మెడకు రంధ్రము పెట్టి, ఆ దారిని ఊపిరి పీల్పించెడివారు. ప్రాణము నిలుచును, పలుకు పోవును. 1991లో అమెరికాయందు మాజీ సైనికుల ఆసుపత్రులలో 332 మందిపై జరిగిన పరిశోధనయందు, ముందు మందును తరువాత కిరణమును ఇచ్చి చూడగా, ఆయువునకు లోపము లేకయే, నూటికి 64 మందికి స్వరపేటిక దక్కినది. 2003లో వెలువడిన మఱియొక పరిశోధనయందు 547 మందిని మూడు తెగలుగా చేసిరి. రెండేండ్లకు స్వరపేటిక నిలిచినవారు, కిరణము మాత్రమే పొందినవారిలో నూటికి 70. ముందు మందు గైకొన్నవారిలో 75. రెండును ఏకకాలమున పొందినవారిలో 88. నలుబది యేండ్లు బడిలో గొంతుతో బ్రతికిన నాకు ఈ చివరి సంఖ్య విలువ ఎవ్వరును వివరింప నక్కఱలేదు. అయినను ఒక షరతు కలదు. పేటిక అప్పటికే శిథిలమై, మింగినది ఊపిరిగొట్టములోనికి పోవుచున్నచో, దానిని నిలుపుటవలన ప్రయోజనము లేదు. అక్కడ శస్త్రమే శరణ్యము.

ఇంకొక భేదమును గుర్తుంచుకొనవలెను. మన ప్రాంతమున హెచ్చుగా కనబడు బుగ్గ, నాలుక, చిగురు కేన్సర్లకు కోయుటకు వీలున్నంతవఱకు మొదటి చికిత్స శస్త్రమే. కోసిన పిమ్మట ఆ కండను పరీక్షించి, అంచున రోగపు జాడ మిగిలినను, మెడ బిళ్ళ పొరను చించుకొని రోగము వెలికి వచ్చినను, అప్పుడు కరెంటుతో మందును కలుపుదురు. ఇందువలన లాభమున్నదని 2004లో ఐరోపాయందును అమెరికాయందును జరిగిన రెండు పరిశోధనలు తెలిపినవి. ఆ రెండు గుర్తులు లేనివారికి కరెంటు మాత్రమే చాలును. "పక్కింటివానికి మందిచ్చిరి, మావాని కేల ఇయ్యలేదు?" అను ప్రశ్నకు సమాధాన మిదియే.

మన దేశీయులు చేసిన పరిశోధనలను విడువరాదు. సిస్‌ప్లాటిన్‌ను మూడు వారముల కొకమారు, శరీరవైశాల్యమున చదరపు మీటరునకు 100 మిల్లీగ్రాముల చొప్పున నిచ్చుట పూర్వపద్ధతి. ఆ మోతాదు మనవారి బక్కదేహములకు ఎక్కువయని తలచి, వారమున కొకమారు 30 మిల్లీగ్రాములిచ్చుట మన ఆసుపత్రులలో వాడుకయైనది. ఏది మేలో తేల్చుటకు బొంబాయి టాటా ఆసుపత్రివారు 300 మందిని రెండు తెగలుగా చేసి పరీక్షించి 2018లో ప్రకటించిరి. వారిలో హెచ్చుమంది శస్త్రచికిత్స యైనవారే. రెండేండ్లకు మెడపై రోగము మరల తలయెత్తనివారు, పెద్దమోతాదు తెగలో నూటికి 73, చిన్నమోతాదు తెగలో 58. బాధలును పెద్దమోతాదువారికే హెచ్చు. మూత్రపిండములు చెడినవారికిని, చెవుడు గలవారికిని సిస్‌ప్లాటిన్ పనికిరాదు. అట్టివారికి డోసిటాక్సెల్ అను వేఱొక మందును వారమున కొకమారు కరెంటుతో నిచ్చి చూడగా, రెండేండ్లకు బ్రతికినవారు నూటికి సుమారు 42 నుండి 51కి పెరిగిరని అదే ఆసుపత్రివారు 2023లో చూపిరి. ఇది మనవారి మేధస్సు లోకమునకిచ్చిన కానుక.

ఇక చికిత్స జరుగు క్రమము. మొదట ముక్క పరీక్ష. "ముక్క తీసిన రోగము ప్రాకును" అను నమ్మకము మన గ్రామములలో బలముగా నున్నది. నోటి గొంతు పుండ్లయందు దీనికి ఆధారము లేదు. ముక్క తీసిన నెలకు గడ్డ పెరిగినచో, అది పెరుగునదే గనుక పెరిగినది. ఆ నెల చికిత్స లేక గడచినది గనుక పెరిగినది. పిదప పండ్ల పరీక్ష. పుచ్చిన పండ్లను కరెంటునకు ముందే పీకి, ఆ గాయములు మానిన తరువాతనే మొదలుపెట్టవలెను. రక్తము, మూత్రపిండములు, వినికిడి చూతురు. ముఖమునకు సరిగా అమరు తొడుగొకటి చేయుదురు. అది తల కదలకుండ బల్లకు బిగించుటకు. కొందఱు దానిని చూచి బెదరుదురు గాని, అందు ఊపిరికి అడ్డులేదు, బల్లమీద నుండవలసినది కొలది నిమిషములే.

వారమున కైదు దినముల చొప్పున ఏడు వారములు, మొత్తము 35 మార్లు. దినమునకు 2 గ్రేల చొప్పున 70 గ్రేలు. గ్రే యనగా కిరణమును కొలుచు మానము. శస్త్రచికిత్స యైనవారికి మొత్తము కొంత తక్కువ. మందు ఎక్కించుదినమున సెలైను సీసాలు విరివిగా ఎక్కింతురు. మూత్రపిండములు కడుగబడుటకే అది. ఇంటికి వచ్చిన పిమ్మటను నీరు బాగుగా త్రాగవలెను. వాంతులకు ఇప్పుడు మంచి మందులు కలవు.

మొదటి రెండు వారములు రోగి తిరుగాడుచునే యుండును. "ఇంతేనా" యనుకొనును. మూడవ వారమున నోరు పూయును. నాలుక రుచి తెలియదు, ఉమ్మి జిగటయగును, మెడపై చర్మము నల్లబడి ఎండును. నాలుగు, ఐదు వారములకు మంచినీటి గ్రుక్క కూడ నిప్పువలె దిగును. ఈ దశయందే మనవారు చికిత్స మానివేయుదురు. "బ్రతికించుటకు తీసికొనిపోయిన చంపుచున్నారు" అని బంధువులు వాపోవుదురు. నే నెఱిగిన రైతొకడు ఇరువదియొకటవ కరెంటు తరువాత ఇంటికి వచ్చి, పది దినములు విశ్రాంతి తీసికొని పోవచ్చునన్న పెద్దల మాట విని నిలిచిపోయెను. నోరు మానినది, పుండును మానినట్లే కనబడినది. రెండు నెలలకు అది మరల లేచినది.

దీనికి కారణము మాగాణి చేసినవారికి సులభముగా బోధపడును. తుంగను పైపైని కోసి విడిచినచో భూమిలోని గడ్డలనుండి అది మునుపటికన్న వడిగా లేచును గదా. కిరణము మొదలైన సుమారు నాలుగు వారములకు, మిగిలియున్న కేన్సరు కణములు ముందుకన్న త్వరితముగా చీల నారంభించును. రోగి నోరు ఎక్కువగా బాధించు కాలమును, రోగము ఎక్కువగా పుంజుకొన జూచు కాలమును ఒక్కటే. ఏడు వారముల చికిత్స ఒక్కొక్క దినము ఆలస్యమైనకొలది, రోగము లొంగు అవకాశము నూటికి ఒకపాలు పైగా తఱుగునని వైద్యులు లెక్కగట్టిరి. పది దినముల విశ్రాంతి ఖరీదు మీరే కట్టుకొనవచ్చును. మందు కలిపినందున వచ్చిన ఆరున్నరపాళ్ళ లాభము అక్కడనే హరించిపోవును.

కాబట్టి నోటిపూతను ముందుగానే ఎదురుచూచి, దానికి సిద్ధపడవలెను. గోరువెచ్చని నీటిలో ఉప్పు, వంటసోడా కలిపి దినమునకు పలుమార్లు పుక్కిలింపవలెను. కారము, పులుపు, వేడి మానవలెను. మెత్తని పెరుగన్నము, రాగిజావ, పాలు, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు, పప్పుకట్టు ఇవి దిగును. దిగనినాడు ముక్కుగొట్టము వేయుదురు. ఆ గొట్టము పేరు వినగానే అంత్యకాలము వచ్చినదని మన యాడువారు కంటతడి పెట్టుదురు. అది పొరపాటు, గొట్టము కొలది వారముల యాధారము, నోరు మానగానే తీసివేయుదురు. అయినను దినమునకు కొన్ని గ్రుక్కలైనను నోటితోనే మింగుచుండవలెను. లేనిచో మింగు కండరములు పని మఱచును. చికిత్సాకాలమున చుట్టగాని ఖైనీగాని తాకినచో కరెంటు బలము తఱుగును. జ్వరము వచ్చినచో తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మందువలన తెల్లకణములు తగ్గియుండు కాలమది. చెవులలో హోరు పుట్టినను, మూత్రము తగ్గినను వైద్యునికి చెప్పవలెను.

ఈ విద్యయందు మన పామిడిముక్కల మండలమునకును భాగము కలదు. ఈ మండలమునందలి మంటాడలో 1947లో జన్మించిన డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారు కర్నూలులో వైద్యము చదివి, న్యూయార్కు చేరి కిరణచికిత్సయందు, ముఖ్యముగా కిరణమూలమును గడ్డ చెంతనే యుంచి చేయు పద్ధతియందు లోకప్రఖ్యాతి గడించిరి. 2015లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. ప్రక్కనున్న పామఱ్ఱు మండలములోని నిమ్మకూరు నందమూరి తారకరామారావుగారి జన్మస్థలము. ఆయన సతీమణి బసవతారకమ్మగారు 1985లో కేన్సరుతో మరణింపగా, ఆమె స్మృత్యర్థము సంకల్పించిన ఆసుపత్రి 2000లో హైదరాబాదున ప్రారంభమైనది. ఇప్పుడు అంతదూరము పోకయే గుంటూరు ప్రభుత్వాసుపత్రియందును, విజయవాడయందును కరెంటు యంత్రములు కలవు. పేదలకు ఈ చికిత్స ఖర్చు 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు పథకమున చేరియున్నది.

పథకము మందు వెలను చెల్లించును గాని, రోగి యింటివారు ఏడు వారములు పట్టణమున నుండుటకు ఎవరు చెల్లింతురు? కూలి పోవును, పశువులను చూచువారుండరు, నాట్లో కోతలో అడ్డుపడును. నేను వినినంతలో, నోటిపూతతో పాటు ఈ యిబ్బందియు చికిత్స మధ్యలో ఆగుటకు కారణమగుచున్నది. గ్రామపెద్దలు చేయగలిగినది ఇచ్చటనే యున్నది. ఆ కుటుంబపు పొలమును ఏడు వారములు నలుగురు వంతులు వేసికొని చూచుట, సోమవారమునుండి శుక్రవారము వఱకు తోడుండుటకు ఒక్కొక్కవారమున కొక్కొక్క బంధువును ఏర్పఱచుట పెద్ద ఖర్చు కాదు. చుట్టపుచూపుగా వచ్చి "ఎట్లుండినవాడు ఎట్లైనాడు" అని రోగి యెదుట అనువారిని నివారించుటయు అందులో భాగమే.

ముప్పదియైదవ దినము ముగిసిన పిమ్మట వెంటనే అంతయు సర్దుకొనదు. కిరణము పని మఱికొన్ని వారములు లోపల సాగుచునే యుండును. మెడలో బిళ్ళ కొంత మిగిలియున్నదని వెంటనే కోయుమని తొందరపెట్టరాదు. 12 వారములు గడచినపిదప పెట్ స్కాను తీసి, జాడ కనబడినవారికే మెడ కోసినను, అందఱికిని కోసినను ఆయువునందు భేదములేదని 2016లో ఇంగ్లండునందు 564 మందిపై జరిగిన పరిశోధన తెలిపినది. రుచి కొన్ని నెలలకు చాలవఱకు మరలి వచ్చును. నోటి తడి మాత్రము అందఱికిని పూర్తిగా రాదు. లాలాజలగ్రంథులను తప్పించి కిరణమును మలచు క్రొత్త యంత్రములతో ఈ బాధ తగ్గినది గాని, లేకపోలేదు. చెంబెడు నీళ్ళు ప్రక్కన పెట్టుకొని అన్నము తినుట అలవాటగును. ఉమ్మి తక్కువైన నోట పండ్లు త్వరగా పుచ్చును. అట్లు పుచ్చినను, ఎన్ని యేండ్లు గడచినను, కరెంటు పెట్టిన దవడనుండి పన్ను పీకించుకొనుటకు ముందు ఆ సంగతి పండ్ల వైద్యునికి చెప్పి, కేన్సరు వైద్యుని చీటి తెచ్చుకొనవలెను. ఆ దవడ యెముకకు నెత్తురు తక్కువగా పాఱును. అక్కడ గాయము మానుట కష్టము.